బడి పిల్లలతో ప్రజాప్రతినిధి ముఖాముఖి: టీచర్లు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హనుమకొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సోషల్ చెప్తాను. ఏటా ఏడో తరగతి పిల్లలను సర్పంచుతోనో, ఎంపీటీసీతోనో, దొరికితే ఎమ్మెల్యేతోనో ఒక పూట కూర్చోబెట్టి మాట్లాడిస్తాను. ఈ సంగతి తెలిసి పరకాల నుంచి, నర్సంపేట నుంచి, ములుగు నుంచి తోటి టీచర్లు ఫోన్ చేస్తుంటారు. ఎవరు చేసినా అనుమానాలు మాత్రం అవే. తల్లిదండ్రులు అడిగేవీ కొన్ని ఉన్నాయి. అన్నీ ఒక దగ్గర రాసి పెడితే నయమనిపించింది. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## పిలవక ముందు

ఎవరిని పిలవాలి? ఎమ్మెల్యేనే పిలిస్తే బడికి పేరొస్తది కదా?

మొదటిసారి అయితే సర్పంచునే పిలవండి. పిల్లల ఇంటి ముందు మోరీ (మురుగు కాలువ), వీధి దీపం, నల్లా నీళ్లు, చెత్త ట్రాక్టర్ అన్నీ పంచాయతీ చూసుకునేవే. కాబట్టి పిల్లలకు అడగడానికి సొంత ప్రశ్నలుంటాయి, ఆయన దగ్గర చెప్పడానికి సొంత జవాబులుంటాయి. ఎమ్మెల్యే వస్తే వెంట పదిమంది నాయకులు, గన్‌మెన్, కెమెరాలు వస్తాయి. పిల్లలు ఆ హడావుడి చూసే బిగుసుకుపోతారు. ఒకటి రెండేళ్లు సర్పంచుతో, వార్డు సభ్యులతో మాట్లాడి అలవాటైన పిల్లలు ఎమ్మెల్యే ముందు కూడా తడబడరు. శాసనసభలో 119 మంది కూర్చుని చట్టం ఎలా చేస్తారో వినాలంటే మాత్రం ఎమ్మెల్యేనే కావాలి. అది ఏడో తరగతిలో చట్టసభల పాఠం అయ్యాక పెట్టుకుంటే మంచిది.

మాది సిటీ బడి. మాకు సర్పంచ్ ఉండడు కదా?

కార్పొరేటర్ ఉంటారు. గ్రేటర్ వరంగల్ నగరంలో 66 డివిజన్లున్నాయి, డివిజన్‌కు ఒక కార్పొరేటర్. మేయర్‌ను వాళ్లే ఎన్నుకుంటారు. సిటీ పిల్లలకు అడగడానికి ఏముంటుంది అనుకోవద్దు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో హనుమకొండ, వరంగల్ కాలనీలు నీట మునిగినప్పుడు పుస్తకాల సంచి అటక మీద పెట్టి మేడ మీద పడుకున్న పిల్లలు మీ తరగతిలోనే ఉంటారు. "నయీంనగర్ నాలా ఎందుకు పొంగుతది, దాని మీద ఇండ్లు ఎవరు కట్టనిచ్చిన్రు?" అని ఆ పిల్ల అడిగితే, ఏ పాఠ్యపుస్తకంలోనూ అంతకు మించిన పౌరశాస్త్రం ఉండదు.

పిల్లలను రాజకీయాల్లోకి లాగుతున్నారని ఎవరన్నా అంటే?

అంటారు. నాకూ అన్నారు. పిలుస్తున్నది పార్టీని కాదు, పదవిలో ఉన్న మనిషిని అని ముందే తల్లిదండ్రులకు స్పష్టంగా చెప్పండి. కండువా లేకుండా రమ్మని వచ్చేవాళ్లను కూడా మర్యాదగా అడగండి. ఇప్పటిదాకా నన్ను ఎవరూ కాదనలేదు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక, కోడ్ అమల్లో ఉన్నన్నాళ్లు పెట్టకండి. ఒక ఏడాది ఒక పార్టీ వాళ్లు వస్తే మరుసటి ఏడాది ఇంకొకరిని పిలవండి. ఊళ్లో ఓడిపోయిన అభ్యర్థి పిల్లలు కూడా మన బడిలోనే చదువుతారు. ఆ పిల్లలు తలెత్తుకుని కూర్చోగలిగేలా కార్యక్రమం ఉండాలి.

పర్మిషన్ ఎవరి దగ్గర తీసుకోవాలి?

హెచ్‌ఎం అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. ఎంఈఓకు (మండల విద్యాధికారికి) ముందే ఒక లెటర్ ఇవ్వండి. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి కూడా చెప్పండి. 2024లో వచ్చిన ఈ కమిటీల్లో ఊళ్లోని తల్లులే ఉంటారు కాబట్టి అక్కడ చెప్తే ఇంటింటికీ చెప్పినట్టే.

మా సర్పంచ్ ఆడమనిషి. "ఆమెకు మాట్లాడరాదు, నేనొస్తా" అని భర్త అంటుండు. ఏం జేయాలె?

ఆమెనే పిలవండి. ఆహ్వానం మీద ఆమె పేరే రాయండి, ఆమె చేతికే ఇవ్వండి. తెలంగాణలో స్థానిక సంస్థల పదవుల్లో సగం మహిళలకు రిజర్వు అయి ఉన్నాయి. ఆ సగంలో ఒక కుర్చీ ఆమెది. ఆ కుర్చీలో భర్త కూర్చోవడాన్ని మనమే పిల్లలకు చూపిస్తే, మన తరగతిలోని ఆడపిల్లలకు ఏం నేర్పినట్టు?

ఒకసారి మా బడికి వచ్చిన సర్పంచమ్మ మొదటి పది నిమిషాలు కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఆమె భర్త వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఏది అడిగినా ఆమె చూపు అటే పోతోంది. అప్పుడొక పిల్ల లేచి, "అమ్మా, మీ ఇంటికి నల్లా ఎన్ని గంటలకొస్తది?" అని అడిగింది. ఆమె నవ్వింది. వాల్వ్ తిప్పే మనిషి రాని రోజు తెల్లారక ముందే తానే ట్యాంకు దగ్గరికి పోయి తిప్పుతానని, ఏ వాడకు ఎంతసేపు వదలాలో, చివరి వాడకు నీళ్లు అందకపోతే ఎవరొచ్చి గొడవ పడతారో అన్నీ చెప్పింది. ఇరవై నిమిషాలు ఆగలేదు. ఆమె మాట్లాడుతుండగానే వరండా ఖాళీ అయిందని నేను తర్వాత గమనించాను.

ఎంతమంది పిల్లలు కూర్చోవాలి?

ముప్పై, నలభై మంది. అంతకు మించితే అది సభ అయిపోతుంది. ఆరు నుంచి తొమ్మిది తరగతుల దాకా ఎవరైనా పర్వాలేదు. పదో తరగతి వాళ్లను పరీక్షల ముందు పిలవకండి.

## పిల్లలను తయారుచేసేటప్పుడు

ప్రశ్నలు మేమే రాసిచ్చి బట్టీ పట్టిస్తే తప్పులు రాకుండా ఉంటది కదా?

తప్పులు రావు, ప్రాణమూ ఉండదు. "గ్రామాభివృద్ధికి మీరు చేపట్టిన చర్యలేమిటి?" అని ఏ పిల్లా సొంతంగా అడగదు. అలా అడిగితే వచ్చే జవాబు కూడా పేపర్ ప్రకటనలాగే ఉంటుంది. పిల్లలను ఊరంతా ఒకసారి నడిపించండి. పంచాయతీ ఆఫీసు, నీళ్ల ట్యాంకు, డంపింగ్ యార్డు, నర్సరీ, వైకుంఠధామం (శ్మశానవాటిక), అంగన్‌వాడీ చూసి రానివ్వండి. తిరిగొచ్చాక ఒక్కొక్కరు ఒక్క ప్రశ్న చీటీ మీద రాయాలి. వాళ్ల భాషలోనే, వాళ్ల తప్పులతోనే. ఒకే విషయం పదిమంది రాస్తే కలిపి ఒకటి చేయండి. మీరు చేయాల్సిన పని అంతే.

మొదటి ప్రశ్నగా మాత్రం నేను ఎప్పుడూ ఇదే అడిగిస్తాను: "నిన్న పొద్దుగాల లేచిన కాడ నుంచి రాత్రి పండుకునే దాక మీరేం జేసిన్రు?" ప్రజాసేవ అంటే ఏమిటని అడిగితే ఉపన్యాసం వస్తుంది. నిన్న ఏం చేశావంటే పింఛను రాని ముసలమ్మ, చెడిపోయిన బోరు మోటారు, పొలం గట్టు తగాదా, పెండ్లి, చావు, ఎంపీడీఓ ఆఫీసులో మీటింగు వరసగా వస్తాయి. ప్రజాసేవ ఏమిటో పిల్లలకు అందులోనే తెలిసిపోతుంది.

పిల్లలకు ముందుగా ఏమేం చెప్పి ఉంచాలి?

ఏ పని ఎవరిదో తెలిస్తే చాలు. మోరీలు, వీధి దీపాలు, చెత్త, ఊళ్లో నీళ్ల పంపిణీ పంచాయతీవి. బస్సు ఆర్టీసీ డిపోది. కరెంటు ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థది, దాని పెద్దాఫీసు హనుమకొండలోనే ఉంది. టీచర్ పోస్టులు విద్యాశాఖవి. ఎంపీకి ఏడాదికి 5 కోట్ల రూపాయల నిధి ఉంటుంది. కానీ ఆయన పనులు సిఫారసు చేస్తారే తప్ప డబ్బు చేతికి రాదు, పని జిల్లా యంత్రాంగం చేయిస్తుంది. ఇంత తెలిసిన పిల్ల "మా ఊరికి బస్సు ఎందుకు వేయలేదు?" అని సర్పంచును నిలదీయదు. "బస్సు కోసం డిపో మేనేజరుకు లెటర్ రాసిన్రా?" అని అడుగుతుంది. ఈ రెండో ప్రశ్నకు తప్పించుకునే జవాబు లేదు.

సర్పంచ్ లేకపోతే ఏమైతదని ఒక పిల్లాడు అడిగిండు. ఏం చెప్పాలె?

మన ఊళ్లోనే జరిగింది చెప్పండి. 2019 జనవరి ఎన్నికల్లో గెలిచిన సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. మళ్లీ ఎన్నికలు 2025 డిసెంబరులో, మూడు విడతల్లో జరిగాయి. మధ్యలో దాదాపు రెండేళ్లు పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతుల్లో ఉన్నాయి. ఒక్కో అధికారికి తన శాఖ పని ఉండగానే ఈ పని అదనంగా పడింది. ఎన్నికైన పాలకవర్గం లేదు కాబట్టి కేంద్ర ఆర్థిక సంఘం నిధులూ ఆగాయి. చెత్త ట్రాక్టరులో డీజిల్ పోయించడానికి పంచాయతీ కార్యదర్శి ఎంత తిప్పలు పడ్డాడో ఆయన్నే పిలిచి అడగొచ్చు. ఆ రెండేళ్లు మేం పిలిచింది కార్యదర్శినే. పిల్లలకు అదీ ఉపయోగపడింది.

"మీ జీతమెంత?", "గెలవడానికి ఎన్ని పైసలు పెట్టిన్రు?" ఇట్లాంటివి అడగనియ్యొచ్చా?

అడగనివ్వండి, మర్యాదగా. ఇవి గుట్టు సంగతులు కావు. సర్పంచ్ గౌరవ వేతనాన్ని 2021లో నెలకు 5,000 నుంచి 6,500 రూపాయలకు పెంచారు. ఎన్నికల ఖర్చుకు పరిమితి ఉంది: 5,000 జనాభా దాటిన పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థి 2.5 లక్షలు, అంతకు తక్కువుంటే 1.5 లక్షలు. పిల్లలకు ఈ అంకెలు ముందే చెప్పి ఉంచండి. ఐదేళ్ల వేతనం ఎంతవుతుందో లెక్క వాళ్లే వేసుకుంటారు. ఊళ్లో నిజంగా ఎంత ఖర్చయిందో పిల్లలు ఇంట్లో విని ఉంటారు కూడా. పెద్దవాళ్లు ఇబ్బంది పడతారని ఈ ప్రశ్నను తీసేయడం నాకు ఇష్టం లేదు. కులం గురించి, ఇంటి విషయాల గురించి మాత్రం అడగొద్దని చెప్పండి.

మా పిల్లలు తండా నుంచి, గూడెం నుంచి వస్తరు. అందరి ముందు తెలుగులో మాట్లాడాలంటే నోరు తెరవరు.

వాళ్ల భాషలోనే అడగనివ్వండి. లంబాడీలో అడిగితే పక్కన కూర్చున్న ఇంకో పిల్ల తెలుగులో చెప్తుంది. కోయ పిల్లలకూ అంతే. మహబూబాబాద్, ములుగు వైపు చాలాచోట్ల సర్పంచు కూడా అదే భాష మనిషి, కాబట్టి మధ్యలో చెప్పేవాళ్లే అక్కరలేదు. 500 జనాభా దాటిన తండాలు, గూడేలు 2018 పంచాయతీరాజ్ చట్టంతో సొంత పంచాయతీలయ్యాయి. అంతకు ముందు పెద్ద ఊరి సర్పంచు దగ్గరికి పోయి నిలబడాల్సి వచ్చిన కాలం ఆ పిల్లల తాతలకు బాగా తెలుసు. ఇంట్లో అడిగి తెలుసుకు రమ్మనండి. ఆ కథతో వచ్చిన పిల్ల నోరు తెరవకుండా ఉండదు.

మన ప్రాంతం నుంచి చెప్పదగ్గ మనుషులు, ఊళ్లు ఏవి?

పీవీ నరసింహారావు నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో 1921లో పుట్టి, వంగరలో పెరిగారు. 1957లో మంథని ఎమ్మెల్యే అయ్యారు. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ ఆయన ప్రధానిగా ఉన్నప్పుడే 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. అంటే దేశంలో ప్రతి సర్పంచు కుర్చీ వెనకా వంగర మనిషి చేయి ఉంది. మడికొండలో పెరిగిన కాళోజీ 1958 నుంచి 1960 దాకా శాసనమండలి సభ్యుడు. కవి కూడా చట్టసభలో కూర్చోవచ్చని పిల్లలకు తెలుస్తుంది. ఊరి విషయానికొస్తే గీసుగొండ మండలం గంగదేవిపల్లి. నీళ్లకు, పారిశుద్ధ్యానికి, చదువుకు విడివిడిగా కమిటీలు వేసుకుని ఊరివాళ్లే నడుపుకున్నారు. వీలుంటే పిల్లలను ఒక రోజు తీసుకెళ్లి చూపించండి.

## ఆ రోజు

శాలువాలు, బొకేలు, స్టేజీ అన్నీ ఏర్పాటు చేయాలా?

వద్దు. శాలువా కప్పగానే అది సన్మానం అవుతుంది, ఆ తర్వాత ఎవరూ ప్రశ్న అడగరు. తరగతి గదిలోనే గుండ్రంగా కూర్చోండి, వచ్చినవాళ్లకూ పిల్లల మధ్యలోనే కుర్చీ. ఇద్దరు పిల్లలు గేటు దగ్గరికి వెళ్లి తీసుకొస్తే చాలు. చాయ్, మంచినీళ్లు ఇవ్వండి. బడి తోటలో కాసిన జామకాయలు ఇచ్చాం మేం ఒకసారి.

సారు లేటుగా వస్తే పిల్లలను ఎంతసేపు కూర్చోబెట్టాలి?

అరగంట. ఆ తర్వాత తరగతులకు పంపేయండి. ఒక ఏడాది వస్తానన్న నాయకుడి కోసం మా పిల్లలు గ్రౌండులో ఎండలో మూడు గంటలు కూర్చున్నారు. ఆరో తరగతి పిల్ల ఒకతి కళ్లు తిరిగి పడిపోయింది. ఆయన వచ్చి పది నిమిషాలు మాట్లాడి వెళ్లిపోయారు. ఆ పిల్లను లేపి నీళ్లు తాగించిన చేతులు నావి. ఆ రోజు ఆపలేకపోయినందుకు ఇప్పటికీ బాధపడతాను. తరగతి గదిలో, నీడలో పెట్టండి. ఆలస్యమైతే ఇంకో రోజు పెట్టుకుందామని ఫోన్‌లో చెప్పేయండి.

ఆయన ప్రసంగం మొదలుపెడితే ఎట్ల ఆపాలి?

పిలిచేటప్పుడే చెప్పండి: మొదట పిల్లలు అడుగుతారు, మీరు జవాబిస్తారు, చివర్లో ఐదు నిమిషాలు మీవి. అయినా సాగదీస్తే, పిల్లల్లో ఒకరు లేచి "సార్, నాదొక ప్రశ్న" అంటే చాలు. పిల్లల మాట ఎవరూ కాదనరు.

పిల్ల అడిగిన దానికి ఆయనకు కోపమొస్తే?

మీరు వెంటనే పిల్ల పక్కన నిలబడండి. "ప్రశ్న నేను చదివే ఒప్పుకున్నాను సార్" అనండి. ఆ ఒక్క మాటతో బరువు పిల్ల మీద నుంచి మీ మీదకొస్తుంది. తర్వాత ఆ పిల్లను అందరి ముందు మెచ్చుకోండి. ఇంటికెళ్లి వాళ్లమ్మకు కూడా చెప్పండి, ఎందుకంటే ఊళ్లో మాట వేరేగా చేరుతుంది.

ఒక పిల్ల అందరి ముందు ఇంటి బాధ చెప్పి ఏడ్చింది. ఏం చేయాలి?

పక్కకు తీసుకెళ్లి వినండి. నాన్న తాగుడు, చదువు మాన్పించి పెండ్లి చేస్తామనడం ఇలాంటి మాటలు వస్తాయి. వాటికి అక్కడికక్కడ ప్రజాప్రతినిధి చేత హామీ ఇప్పించకండి. ఫోన్లలో ఎవరన్నా వీడియో తీసి ఉంటే చెరిపించేయండి. బాల్యవివాహం, కొట్టడం లాంటివైతే 1098కి ఫోన్ చేయండి.

ఫోటోలు పెట్టొచ్చా?

తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే. పిల్లల పేరు, తరగతి ఫోటో కింద రాయకండి.

## అయిపోయాక

హామీలిచ్చి పోయిన్రు. తర్వాత ఎవరు అడగాలె?

పిల్లలే. ఆ సాయంత్రమే ఒక నోట్‌బుక్‌లో మూడు గీతలు గీసి రాయించండి: ఏం అడిగాం, ఏం చెప్పారు, ఎప్పటికి చేస్తామన్నారు. నెల తర్వాత పిల్లలే ఒక లెటర్ రాస్తారు. లెటర్‌లో కృతజ్ఞత ముందు, గుర్తుచేయడం తర్వాత.

మా బడిలో ఎనిమిదో తరగతి ఆడపిల్ల ఒకతి, "మా బాత్రూమ్ తలుపుకు గొళ్ళెం లేదు సార్, ఒకరు లోపలికి పోతే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడుతున్నం" అంది. సర్పంచ్ జేబులోంచి చిన్న డైరీ తీసి ఏదో రాసుకున్నాడు. నాలుగో రోజు వడ్రంగి వచ్చాడు. రెండు గొళ్ళేలు, లోపల సంచి తగిలించడానికి ఒక మేకు. మేకు సంగతి ఎవరూ అడగలేదు, ఆయనే ఆలోచించి కొట్టించాడు. వందో రెండు వందలో అయ్యుంటుంది. ఇన్నేళ్లలో ఆ తలుపుకు గొళ్ళెం లేని సంగతి నేనూ చూడలేదు, బడిలో ఏ మగ టీచరూ చూడలేదు.

"అది నా చేతుల్లో లేదు" అంటే నిజమా, తప్పించుకోవడమా?

రెండూ జరుగుతాయి. "మరి ఎవరి చేతుల్లో ఉంది, వాళ్లకు మీరు రాసిన లెటర్ చూపిస్తారా?" అని అడిగితే తేలిపోతుంది. నిజంగా పైవాళ్లదైతే పిల్లల తరఫున పెద్దలు సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లి దరఖాస్తు ఇవ్వొచ్చు. కాగితం కావాలంటే సమాచార హక్కు చట్టం ఉంది, 30 రోజుల్లో జవాబివ్వాలి.

పిల్లలు గ్రామసభకు పోవచ్చా?

ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్లే గ్రామసభ సభ్యులు. కాబట్టి చేయెత్తి ఒప్పుకునే హక్కు పిల్లలకు లేదు. కానీ వెళ్లి కూర్చుని వినవచ్చు. 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. డప్పు చాటింపు విన్నప్పుడు అమ్మానాన్నలను పిల్లలే గుర్తుచేసి పంపిస్తున్నారని ఒకరిద్దరు తల్లులు నాతో అన్నారు.

"నేను పెద్దయినంక సర్పంచ్‌నయిత" అని మా పిల్ల పట్టుబట్టింది. నవ్వాలా, సరే అనాలా?

సరే అనండి. 18 ఏళ్లకు ఓటు, 21కి సర్పంచ్, కార్పొరేటర్ పదవులకు పోటీ, 25కి ఎమ్మెల్యే. 2023లో పాలకుర్తి ప్రజలు 26 ఏళ్ల యశస్వినీరెడ్డిని శాసనసభకు పంపారు. మీ పిల్లకు పన్నెండేళ్లుంటే ఇంకా తొమ్మిదేళ్లే. ఈలోగా పంచాయతీ జమాఖర్చులు చదవడం నేర్పండి.

ఏడాదికి ఎన్నిసార్లు పెట్టాలి?

రెండుసార్లు: బడులు తెరిచాక ఆగస్టులో ఒకసారి, సంక్రాంతి సెలవుల తర్వాత ఒకసారి. రెండోసారి కొత్త ప్రశ్నలకంటే ముందు పాత నోట్‌బుక్ తెరవాలి. మా నోట్‌బుక్ ఏడో తరగతి నుంచి ఏడో తరగతికి చేతులు మారుతూ వస్తోంది. మొదటి పేజీలో మొదటి ప్రశ్న "పొద్దుగాల బస్సు ఎందుకొస్తలేదు?" అన్నది. దాని ఎదురుగా మూడు లెటర్ల తేదీలున్నాయి. కింద నాలుగో దానికి చోటు వదిలి పెట్టారు పిల్లలు.